నేను ఊళ్ళో లేని తొమ్మిది రోజులు

దయ్యం పట్టిందని ఎవరైనా చెబితే, ముందు వాళ్ళు కడుపుకు తిన్నారో లేదో కనుక్కోమనేది మా అమ్మ. నేనూ అదే తీరు మనిషిని. అందుకే ఈ సంగతి చాలా ఏళ్ళు ఎవరికీ చెప్పలేదు.

తెల్లదొరల కాలం. పుల్లలచెరువు దగ్గర పల్లెకు నేను కాపురానికి వచ్చి మూడేళ్ళయింది. మా వీధి చివరి గుడిసెలో సుబ్బమ్మవ్వ ఉండేది. ఆమెకు నా అన్నవాళ్ళు ఎవరూ లేరు. కాళ్ళు పడిపోయాయి, చూపు మసక. వీధిలో ఆరిళ్ళ వాళ్ళం వంతులు వేసుకుని గంజి పోసి, నీళ్ళు పెట్టి, ఒళ్ళు తుడిచేవాళ్ళం. కరువు వచ్చాక ఒక్కో ఇల్లూ తప్పుకుంది. చివరికి నేనూ, ఎదురింటి నరసమ్మా మిగిలాం.

నరసమ్మ నాకు తోడబుట్టినదానికన్నా ఎక్కువ. నేను జ్వరంతో పడి ఉన్నప్పుడు నా నోట్లో గంజి పోసింది ఆమే.

ఆ ఎండాకాలం మా నాయనకు జబ్బు చేసిందని గిద్దలూరు నుంచి కబురొచ్చింది. నరసమ్మ నా చేతిలో చెయ్యి వేసింది.

"నువ్వు పో అక్కా. అవ్వను నేను చూసుకుంటా."

మార్కాపురం దాకా బండిలో, అక్కణ్ణుంచి రైల్లో వెళ్ళాను. నాయన లేచి కూర్చునేసరికి తొమ్మిది రోజులు పట్టింది.

తిరిగొచ్చిన రోజు మధ్యాహ్నమే అవ్వ దగ్గరికి వెళ్ళాను. గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. తల దువ్వి ముడి వేసి ఉంది. నేను వెళ్ళేటప్పుడు పచ్చిగా ఉన్న వీపు పుండు ఆరిపోయింది. గంజి ముంత కడిగి బోర్లించి ఉంది. కుండ నిండా నీళ్ళు. నాకు కడుపు నిండినట్టయింది. నేరుగా నరసమ్మ ఇంటికి వెళ్ళి, నీ మేలు మరవనన్నాను.

ఆమె ముఖం పాలిపోయింది.

"నేను పోలేదక్కా. ఒక్క దినం కూడా పోలేదు. మా అత్త వద్దనింది. తర్వాత పోదామంటే, అవ్వ ఎట్ల ఉంటాదోనని భయమేసింది."

చచ్చిపోయి ఉంటుందనుకుందట. అయినా ఎవరికీ చెప్పలేదట.

మిగతా ఇళ్ళు తిరిగి అడిగాను. అందరూ నరసమ్మే చూస్తోందనుకున్నారు. ఆ ఎండల్లో నీళ్ళున్న బావి ఒక్కటే, అదీ మైలు దూరం. ఎవరు కడవ ముంచినా పదిమంది చూస్తారు. అవ్వ గుడిసెకు కడవ మోసినవాళ్ళను మాత్రం ఎవరూ చూడలేదు.

మళ్ళీ గుడిసెకు వెళ్ళి, ఇన్నాళ్ళూ ఎవరొచ్చారని అవ్వనే అడిగాను.

"ఏంది తల్లీ, దినామూ వచ్చింది నువ్వే గదా. పలకరిస్తే మాత్రం పలకలా."

నేను ఊళ్ళో లేనని చెబితే నమ్మలేదు. తన దగ్గర అబద్ధమెందుకని నొచ్చుకుంది. నా చెయ్యి పట్టుకుని గాజులు తడిమి, ఇవే గాజులంది.

అవ్వ ఇంకో రెండేళ్ళు బతికింది. చివరిదాకా నేనే చూశాను. నరసమ్మ కడవ ఎత్తుకుని నా వెనకే వచ్చేది. వద్దనలేదు. కానీ ఆమె మీద భరోసా పెట్టి మళ్ళీ ఊరు దాటలేదు.

ఎన్ని విధాలుగానో ఆలోచించాను. ఆ తొమ్మిది రోజులు అవ్వకు గంజి పోసిందెవరో నాకు ఇప్పటికీ తెలియదు. పొయ్యనిదెవరో తెలుసు. ఆమె ఎదురింట్లోనే నలభై ఏళ్ళు కాపురం చేశాను.