వైరు మీద తడి బొంత

ఆ రోజుల్లో మా జగ్గయ్యపేటలో ఇంట్లో కూర్చునే ఉద్యోగం చేస్తున్నానంటే నమ్మినవాళ్లు తక్కువ. "పిల్ల పొద్దస్తమానం కంప్యూటర్‌తో మాట్లాడుకుంటోంది, ఎవరికైనా చూపించండి" అని ఎదురింటి పిన్నిగారు మా అమ్మకు సలహా కూడా ఇచ్చింది. నాకు మాత్రం ఆ ఉద్యోగం ప్రాణం. హైదరాబాదు హాస్టల్లో సాంబారు తిన్నదాన్ని మరి (అది సాంబారని వాళ్లు చెబితేనే తెలిసేది). ఇక్కడ జీతానికి జీతం, అమ్మ చేతి గోంగూర పచ్చడి. అలాంటిది, "ఇంకొక్కసారి మీటింగులో మీ బొమ్మ ఆగిపోయిందంటే పెట్టె సర్దుకుని ఆఫీసుకు వచ్చెయ్యండి" అని మా మేనేజరు తేల్చి చెప్పేశాడు.

ఆగిపోవడం నా తప్పా? ఎంచక్కా పరుగెత్తే నెట్టు ఉన్నట్టుండి నత్తలా పాకేది. నేను నోరు తెరిచిన చోటే బొమ్మ ఆగిపోయి, అవతలివాళ్లకు ఆవులిస్తున్నట్టు కనబడేదాన్నట. వెంటనే నందిగామలో ఉన్న మేనత్త కొడుక్కి ఫోన్ చేసేదాన్ని. ఇళ్లకు నెట్టు లైన్లు లాగడం అతని పని. మాకు లాగిందీ అతనే. బావ బండేసుకుని వచ్చేసరికి సాయంత్రమయ్యేది. అతను గడప తొక్కేసరికి నెట్టు బుద్ధిగా ఉండేది! "సూపరుగా వస్తోందిగా! నీ చేతిలోనే ఏదో ఉంది" అని వెక్కిరించి, నాయనమ్మ పెట్టిన గారెలు తిని మరీ పోయేవాడు. "వాడంటే ఆ నెట్టు డబ్బాకి భయమే" అనేది నాయనమ్మ ముసిముసిగా నవ్వుతూ. ఒళ్లు మండి ఆ డబ్బాకి నిమ్మకాయా మిరపకాయలూ కట్టాను (వేదాద్రి స్వామికి మొక్కుకున్న సంగతి ఆఫీసులో చెప్పలేదు లెండి). ఈలోగా వీధిలో "నెట్టు కోసమా, బావ కోసమా?" అని గుసగుసలు. నిజం చెప్పొద్దూ, బావ బండి చప్పుడు వింటే నాకూ కోపం కాస్త తగ్గేది.

అసలు పరీక్ష రానే వచ్చింది. పెద్ద క్లయింటుకు అంతా నేనే వివరించాలి. రెండు ముక్కలు మాట్లాడానో లేదో, మేనేజరు మొహం బిగుసుకుపోయింది. కోపం కాదు, నెట్టు! ఫోన్లో బావను తిడుతూ, వైరు ఎటు పోతే అటు పరుగెత్తి డాబా ఎక్కాను. చూద్దును కదా, స్తంభం నుంచి వచ్చే ఆ సన్నటి నల్ల వైరు మీద నీళ్లోడుతూ నాయనమ్మ బొంత! ఆ బరువుకి వైరు పిట్టగోడ అంచున మడతపడిపోయింది. పక్కనే దండెం ఖాళీగా ఉంది, దాని కింద నాయనమ్మ నిలబడి ఉంది.

"నాయనమ్మా! బొంత ఆరేసేది వైరు మీదా?"

"షాకు కొట్టదులేవే. లోపల వెలుగే గానీ కరెంటుండదని మీ బావే చెప్పాడు."

"అమ్మమ్మా! బరువెయ్యకూడదని కూడా చెప్పాగా!" ఫోన్లోంచి అరిచాడు బావ.

"చెప్పావురా, అందుకేగా బొంతేసింది. చీరేస్తే నెట్టు ఆగట్లేదు, నువ్వు రావట్లేదు. ఏం చెయ్యమంటావు?"

బొంత లాగేసి కిందికి పరుగెత్తాను. "ఏమైందమ్మా?" అన్నాడు మేనేజరు. "చిన్న టెక్నికల్ ప్రాబ్లం సార్" అన్నాను గంభీరంగా, ఆ ప్రాబ్లం నా భుజం మీదే వేలాడుతోందని చూసుకోకుండా. ఎలాగో గట్టెక్కాను. హైదరాబాదు తప్పింది గానీ, ఆర్నెల్లు తిరక్కుండా నందిగామ తప్పలేదు.

ఇప్పుడు లైన్లు లాగే మనిషి ఇంట్లోనే ఉన్నాడు. ఎప్పుడైనా నెట్టు మందగించి ఫోన్ చేస్తే, "డబ్బా ఒకసారి ఆపి వెయ్యి, నేను ముక్త్యాలలో ఉన్నా" అని పెట్టేస్తాడు. గారెలు చేశానన్నా కదలడు. నాయనమ్మ లేదిప్పుడు. బొంత మాత్రం నాతోనే వచ్చింది. నిన్న దాన్ని ఉతికి డాబా మీదికి తీసుకెళ్లాను. దండెం వైపు చూశాను, వైరు వైపు చూశాను.

బావ మధ్యాహ్నానికే వచ్చేశాడు.