గాజుపూసల దీపం

ఫైలు తెరుచుకునేలోపు టీ తాగి రావడం కుందలహళ్ళిలోని మా డిజైన్ ఆఫీసులో అందరి అలవాటు. మేమంతా అక్కా అని పిలిచే మా సీనియర్ మాత్రం లేచేది కాదు. మౌస్ వదిలేసి, చేతులు కట్టుకుని, తెర మీద తిరిగే గుండ్రటి గుర్తును శత్రువును చూసినట్టు చూసేది.

"మనం టీ తాగితే ఫైలు సన్నగైతాదా? లోపల ఏం మోస్తా ఉండాదో చూడల్లప్పా," అనేది. ఆ పొగరు నాకిష్టం.

అప్పుడు కంప్యూటర్లో గీస్తున్న హోటల్ బిల్డింగు మోడల్ మరీ బరువెక్కి కదలనంది. కొత్త కంప్యూటర్లు తెప్పిస్తానన్నాడు బాస్. అక్క వినకుండా మోడల్లో గదిగదీ వెతికి, లాబీలో వేలాడే పెద్ద దీపం దగ్గర ఆగింది. ప్రతి గాజుపూసా విడిగా గీసి ఉంది, దారం దూరే చిల్లుతో సహా. వారాల తరబడి కూర్చుని గీసింది అక్కే.

దాన్ని తీసేసి, ఆ చోట ఉత్త పెట్టె పెట్టింది.

బాస్ పరుగెత్తుకొచ్చాడు. "రేపు క్లయింటుకు చూపించాల్సింది ఆ దీపాన్నే!"

"దీపం బొమ్మ వేరేగా చూపించండి సార్. దీపం యాడొస్తాదో చెప్పేకి ఈ పెట్టె చాలు."

"అంత కష్టపడి చేసింది నువ్వే కదమ్మా?"

"నేను చేసినానని బిల్డింగంతా దాన్ని మోయల్లనా?"

"తిరిగి పెట్టు. లేకుంటే ఈ ప్రాజెక్టు నుంచి తప్పిస్తా."

అక్క ఫైలు మూసి, మళ్ళీ తెరిచింది. మేం టీకి లేచేలోపే హోటలంతా తెర మీదికి వచ్చేసింది. ఎవరం లేవలేదు.

అక్క చేతులు కట్టుకుని, కుర్చీని బాస్ వైపు తిప్పింది.

"ఇప్పుడు తప్పించండి సార్."