తోలు వినవడ్తలేదన్నడు

పదిహేనేండ్ల పైనే అయింది. ఒక్క మాట మింగలేక కక్కలేక తిరుగుతున్న. మా ఇంటామెకు గూడ చెప్పలే. మీరెవరో నాకు తెల్వదు, నేనెవరో మీకు తెల్వదు. అందుకే మీకు చెప్తున్న.

రెండువేల ఏడు అటిటు. బహ్రెయిన్‌ల, మనామాల ఒక చిన్న స్టూడియోల పని నాది. డీజే పార్టీలకు, పెండ్లిళ్లకు డాన్సు పాటలను చివరాఖరుకు సాపు చేసి సీడీ కొట్టి ఇచ్చుడు. వచ్చినోడల్లా ఒక్కటే అడిగేటోడు, మా పాట పక్కోని పాట కంటె గట్టిగ మోగాలె అని. గట్టిగ, ఇంకా గట్టిగ. పాట ఎట్లున్నదని ఒక్కడు అడిగితే ఒట్టు. తల వాచిపోయేది.

ఆ ఏడే మా కంప్యూటర్ల మల్టీబ్యాండ్ లిమిటర్ వచ్చింది. పాటను నాలుగు పాళ్లు చేస్తది. అడుగున గుండెల గుద్దే మోత, నడుమ రెండు పాళ్లు, పైన కీచు. ఒక్కో పాలుకు ఒక్కో మూత. ఏది పొంగితే దాన్నే అణుస్తది, అప్పుడు మొత్తం పాటను ఇంకింత లేపుకోవచ్చు. దాని గురించి నాకు తెలిసింది సగమే. కానీ అంతా తెలిసినోని లెక్క తిరిగిన. నాలుగు మూతలూ బిగించుడు, సౌండు మీదికి లేపుడు, అంతే నా విద్య. మా ఓనర్ ముంగట మాత్రం గొప్పలకు తక్కువ లేకుండె.

మల్లేశం మా జగిత్యాల దిక్కోడే. బహ్రెయిన్‌లనే సల్మాబాద్‌ల ఇనుప వర్క్‌షాపుల గ్రైండర్ పట్టేటోడు. నన్ను అన్నా అనేటోడు. ఊరి నుంచి డప్పు తెచ్చుకున్నడు. ఊర్ల అయితే మంట పెట్టి కాపుతరు గని, అక్కడ మంటెందుకు? లేబర్ క్యాంపు రేకుల మీద ఎండకు పెడితే అర్ధగంటల తోలు బిగిసి ఖంగుమనేది. ఆ డప్పును తన కంప్యూటర్ల రికార్డు చేసి, దానికి డాన్సు దరువు జోడించి, ఏడాది పొడుగునా శుక్రవారం శుక్రవారం కూసొని ఒక పాట కట్టిండు. మనోళ్ల ప్రోగ్రాంల మోగిస్తమన్నరు. ఇది జనానికి ఎక్కితే ఇంటికి పోయి ఇదే పని చేస్త, మళ్ల గ్రైండర్ ముట్ట అనేటోడు.

ఆ పాటకు గూడ నేను మూతలు బిగించిన. శుక్రవారం మధ్యాహ్నం వినడానికి వచ్చిండు. ఓనర్ గూడ కూసున్నడు. దరువు మొదలుకాంగనే మల్లేశం మొఖం మారింది.

"అన్నా, పుల్ల దెబ్బ వినవడ్తుంది గని తోలు వినవడ్తలేదు."

ఓనర్ నా దిక్కు చూసిండు. నాకు ఒళ్లు మండింది. గ్రైండర్ పట్టేటోడు నాకు చెప్తడా? అప్పుడు నాకు అనుమానం రాలేదా? వచ్చింది. అబద్ధమెందుకు, వచ్చింది. అడుగు మూత ఒక్కటి తీసి చూస్తే రెండు నిమిషాల్ల తేలిపోయేది.

"పాట మంచిగనే ఉంది మల్లేశం. ఆ గ్రైండర్ మోతకు నీ చెవులే ఖరాబైనయి."

"నిజమా అన్నా?"

"నీతోని నాకు అబద్ధమెందుకు?"

రెండు చేతులతోని చెవులు రుద్దుకున్నడు. సీడీ పట్టుకొని బస్సెక్కిండు. ప్రోగ్రాంల ఆ పాట పెడితే జనం కాసేపు ఊగి కూసున్నరు.

వారం తర్వాత ఒక్కన్నే కూసొని అడుగు మూత తీసి విన్న. తోలు మోగింది. డాన్సు దరువు పడ్డప్పుడల్లా ఆ మూత డప్పు కడుపును గూడ కలిపి నొక్కేసింది, పైన పుల్ల చప్పుడే మిగిలింది. వాడు ఉన్నదున్నట్టు చెప్పిండు. సల్మాబాద్ ఎంత దూరం? బస్సుకు అర్ధగంట. వచ్చే శుక్రవారం పోదామనుకున్న. ఆ పై శుక్రవారం అనుకున్న. దేనికి భయపడ్డనో ఇప్పటికీ నాకు సమజ్ కాదు. వాడు నన్ను తిట్టేటోడు గూడ కాదు. నవ్వి, సరే తియ్యి అన్నా, మళ్ల కొట్టు అనేటోడు. అది తలుచుకుంటేనే నా మీద నాకు కోపం నషాళానికి అంటుతది.

మల్లేశం కంప్యూటర్ ఎవరికో ఇచ్చేసిండు. ఇంకో ఆరేండ్లు గ్రైండరే పట్టిండు. ఇప్పుడు ఊర్ల ఎవరన్న డప్పు చేతికిస్తే తీసుకోడు. నా చెవులు గల్ఫుల పోయినయి అంటడు. మొన్నొక పెండ్లిల నా భుజం మీద చెయ్యేసి, అందరు మెచ్చుకుంటుంటే ఈ అన్న ఒక్కడే మొఖం మీద నిజం చెప్పిండని పదిమందికి చెప్పిండు. నేను తలూపిన. తలూపిన చూడుండ్రి! ఏం మనిషిని నేను?

మాఫీ అడుగుతలేను. అది మీరిచ్చేది గాదు. ఇంత రాసినంక ఛాతి జరంత తేలికైంది, దానికి గూడ సిగ్గయితుంది. వాని ముంగట నోరు వస్తదో రాదో, కనీసం ఇక్కడన్న అననీయండి. మల్లేశం, ఆ రోజు నువ్వు విన్నదే నిజం. నీ చెవులకు ఏం కాలే.