పేరు లేని అర్జీతో కదిరి దాకా

సుగుణ మా ఇంట్లో పదేళ్ళు వంట చేసిన మనిషి. ఆమె అసలు పేరు ఇది కాదు. తర్వాత పరదేశం వెళ్ళి ఒక ఇంట్లో వంటపని చేసి, పోయిన సంవత్సరం తిరిగి వచ్చింది. ఆమె తమ్ముడు ఇంకా ఆ దేశంలోనే ఉన్నాడు, జైల్లో. అతన్ని విడిపించమని కోరుతూ ఒక బుధవారం ఆమె సర్కారు ఆఫీసులో అర్జీ ఇస్తే, అది చెల్లదని తిప్పి ఇచ్చారు. నేరుగా అనంతపురంలో మా ఇంటికి వచ్చింది. అర్జీ తీసుకుని చదివాను. "మా తమ్ముడు ఒక దేశంలో, ఒక కారణం వలన, కొంత ఇబ్బందిలో ఉన్నాడు. దయచేసి విడిపించగలరు." అంతే. మనిషి పేరు లేదు, దేశం పేరు లేదు, కారణం లేదు. ట్రెజరీలో బిల్లులు చూస్తూ తల నెరిసినదాన్ని, ఇలాంటి కాగితం నా బల్ల మీదికి వస్తే నేనూ తిప్పి పంపేదాన్నే. ఆ మాటే అన్నాను.

"పేరు రాస్తే ఆ కాగితం యాడికి పోతాదో ఎవరు జూసినారమ్మా?" అంది సుగుణ. గొంతు తగ్గించి అంది. ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం.

వివరాలన్నీ రాసి, గ్రామసభ తీర్మానం కూడా జతచేసి తెమ్మని ఆఫీసులో చెప్పారట. వాళ్ళ ఊళ్ళో గ్రామసభ మర్నాడే. సభలో లేచి చెప్పాలంటే భయంగా ఉందని, పక్కన నేనుంటే చాలని అడిగింది. అలా మొదలైంది ఈ ప్రయాణం. ఇది విహారయాత్ర కాదు. కానీ బయటి దేశాల్లో చిక్కుకున్న తమవాళ్ళ కోసం ఇలా కాగితాలు పట్టుకుని తిరిగేవాళ్ళు మన వైపు చాలామంది ఉన్నారు. వాళ్ళకు ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

పొద్దున ఆరుంపావుకు అనంతపురం బస్టాండులో కదిరి బస్సు ఎక్కాం. బత్తలపల్లి, ముదిగుబ్బ మీదుగా రెండున్నర గంటల దారి. ఆడవాళ్ళకు టికెట్టు ఉచితం, కానీ ఆధార్ కార్డు చూపించాలి. జిరాక్సు సరిపోతుందని అనుకోకండి, మా ముందు సీటావిడ దాని గురించి కండక్టరుతో చాలాసేపు వాదించవలసి వచ్చింది. బత్తలపల్లి దాటేసరికి బస్సు నిండిపోయింది. వేరుశెనగ చేలు రోడ్డుకు రెండు పక్కలా ఊడలు దిగి కాయ పట్టకముందే వాడి, పసుపు రంగుకు తిరిగాయి. వాన పడక ఎన్నాళ్ళయిందో ఆ చేలను చూస్తే చాలు.

మా సీటు పక్కన నిలబడిన ఒక రైతుకు కోపం వచ్చింది. "ఏమప్పా కండక్టరూ, ఆడోళ్ళు ఊరికే కూచుంటారు, మేము దుడ్లిచ్చి నిలబడాల్నా? పంటబీమా దుడ్లు యాడ? ఓట్లప్పుడు కాళ్ళు పట్టుకున్నారు కదా, ఇప్పుడు మొగాలు యాడ పెట్టుకున్నారు?" అని మొదలుపెట్టి, పైనుంచి కిందిదాకా ఏ నాయకుణ్ణీ వదల్లేదు. రాయడానికి వీల్లేని మాటలు కూడా కొన్ని వాడాడు.

"నన్నెందుకన్నా తిడతావు, నేను టికెట్లు కొట్టేవాణ్ణి," అన్నాడు కండక్టరు.

"నిన్ను కాదులేప్పా. నువ్వు పైకి చెప్తావని."

"పైకంటే డ్రైవరుకు చెప్పల్ల. చెప్పమంటావా?"

బస్సంతా నవ్వింది. సుగుణ నవ్వలేదు. నా ముంజేయి పట్టుకుంది, గోళ్ళు దిగేంత గట్టిగా. "యెనకకు పోదాం రామ్మా."

"ఎందుకు? కూర్చోవడానికి ఇంత మంచి సీటు దొరికితే?"

"ఆ దేశంలోనైతే, అన్నోణ్ణే కాదు, పక్కనుండి విన్నోళ్ళను గూడా పట్టుకుపోతారు. ఎందుకు చెప్పలేదని అడుగుతారు."

ఈ దేశంలో అలాంటిదేమీ ఉండదని గట్టిగానే చెప్పాను. తల ఊపింది. చేయి మాత్రం కదిరి దాకా వదల్లేదు. ఆ దేశంలో ఉన్నన్నాళ్ళూ ఆమె ఫోను చేస్తే "బాగుండా, ఈడ అందరూ మంచోళ్ళే" అన్న మాట తప్ప మరొకటి వినలేదు నేను. ఏదీ సరిగా చెప్పదని విసుక్కునేదాన్ని. ఆ మాట ఎందుకంత ఒకేలా ఉండేదో ఆ బస్సులో అర్థమైంది.

కదిరిలో బస్టాండుకు దగ్గర్లో బొరుగులతో చేసే ఉగ్గాని, బజ్జి తిన్నాం. ఇద్దరికీ టీతో కలిపి నూటపది రూపాయలు. అక్కడే, దోసె పెనం చప్పుడులో, సుగుణ తమ్ముడి సంగతి మొత్తం చెప్పింది. అతను లారీ డ్రైవరు. వాళ్ళుండే కూలీల వసతిలో నీళ్ళు ఆగిపోయాయి. అడిగితే పట్టించుకున్నవాళ్ళు లేరు. ఖాళీ కొళాయిలను, వరసగా పెట్టిన డబ్బాలను ఫోనులో వీడియో తీసి, "నీళ్ళు లేక సస్తాండాం, ఎవరన్నా జూడండి" అని స్టేటస్‌లో పెట్టాడు. పోలీసులు వచ్చి తీసుకుపోయారు. దేశం పరువు తీశాడని కేసు. ఆ తర్వాత అతనితో ఒక్కసారే మాట్లాడనిచ్చారు. "బాగుండా అక్కా, ఈడ అందరూ మంచోళ్ళే" అన్నాడట.

"ఊళ్ళో చెప్తే ఎవురో ఒకరు ఫోన్లో తీస్తారు. అది వాళ్ళు జూస్తే వాడికి శిచ్చ ఇంకా ఎక్కువేస్తారు. చెప్పకపోతే కాగితం కదలదు. ఏం జేయల్లమ్మా?"

డబ్బులిచ్చి, ముందు ఊరు చేరదాం పద అన్నాను. ఆటోలో మనిషికి ముప్పై రూపాయలు, పదకొండుకల్లా ఊరు చేరాం. ఆ ఊరి పేరు రాయను.

సభ బడి వరండాలో. సర్పంచు, పంచాయతీ కార్యదర్శి బల్ల దగ్గర కూర్చున్నారు. ఆడవాళ్ళు ఖాళీ బిందెలు తెచ్చి, కావాలనే బల్ల చుట్టూ పేర్చారు. ట్యాంకరు రాక వారమైందట.

"ఏమప్పా సర్పంచూ, నీ ఇంటికాడ ట్యాంకరు ఆగుతాది, మా వీధికి దోవ తెలీదా దానికి?" అని ఎరుకలమ్మ అనే ఆమె బిందెతో బల్ల మీద కొట్టింది. సర్పంచు నుదురు తుడుచుకున్నాడు. "డీజిలు బిల్లు రాలేదక్కా." "బిల్లు రాకుంటే నీ బండికి డీజిలు యాడిది?" ఇలా అరగంట. మోటార్లు బాగుచేసే రమేష్ అనే అతను గోడకానుకుని మొత్తం ఫోనులో తీస్తున్నాడు.

సుగుణ నా పక్కన బిగుసుకుపోయింది. నేను లేచి, నా మామూలు పద్ధతిలో, "బాబూ, ఆ ఫోను ఆపు," అన్నాను.

"ఎందుకాపల్లవ్వా? రేపు ట్యాంకరు రాలేదంటే సాక్ష్యం యాడుండాది? నా ఫోను, నా ఊరు. నువ్వెవరు ఆపమనేకి?"

అతను చెప్పింది న్యాయమే. అంతలో సుగుణ లేచి నిలబడింది.

"రమేషన్నా, నీళ్ళ మాటంతా తీసుకోన్నా. నేను మాట్లాడేటప్పుడు మాత్రం..." అని ఆగిపోయింది. "మా తమ్ముని ప్రాణం మీదికొస్తాది."

రమేష్ ఫోను ఆపి, పక్కనున్న ఖాళీ బిందెలో వేశాడు. "మీరూ వేయండప్పా," అన్నాడు అందరితో. ఒక్కొక్కరే లేచి బిందెల్లో ఫోన్లు వేశారు. ఒక తాత తన పాత ఫోను ఎత్తి చూపించి, "దీంట్లో బొమ్మలు రావు, మాటలే సరిగ్గా రావు. దీన్నీ వేయల్నా?" అన్నాడు. వేశాడు. ఒకాయన మాత్రం, "నా ఫోను నేనెవరికీ ఇయ్యను. తీయనని మాటిస్తా, బయట నిలబడతా," అని గేటు దాటి వెళ్ళిపోయాడు. ఎవరూ ఆయన్ని బలవంతం చేయలేదు.

అప్పుడు సుగుణ చెప్పింది. తమ్ముడి పేరు, తండ్రి పేరు, దేశం, నగరం, పెట్టిన కేసు. మొదట వినబడలేదు. "గట్టిగా చెప్పు పాపా, ఈడ మనోళ్ళే ఉండేది," అంది ఎరుకలమ్మ. రెండోసారి చెప్పినప్పుడు గేటు దాకా వినబడింది. చివర ఒక మాట అంది: "ఇంతసేపు మీరు సర్పంచును అడిగిండే మాటే వాడూ అడిగినాడు. ఇంకేం అనలేదు."

తీర్మానాన్ని ఎరుకలమ్మ ప్రతిపాదించింది, రమేష్ బలపరిచాడు. కార్యదర్శి కలం పట్టుకుని, "జైలుకు కారణం అని ఒక వరస రాయాలి. అతను చేసిన నేరం ఏమని రాయమంటారు?" అని అడిగాడు. సుగుణ నా వైపు చూసింది. నేను చట్టానికి తగిన మాట కోసం వెతుక్కుంటున్నాను.

అరగంట తిట్లు తిన్న సర్పంచు తల ఎత్తాడు. "నీళ్ళడిగినాడని రాయి," అన్నాడు.

అలాగే రాశారు. అందరూ సంతకాలు, వేలిముద్రలు వేశారు. గేటు బయట నిలబడ్డాయన కూడా లోపలికి వచ్చి వేశాడు. మూడున్నరకు కదిరిలో నాకు తిరుగు బస్సు దొరికింది. తర్వాత సుగుణ పూర్తి వివరాలతో అర్జీ మళ్ళీ రాసి, తీర్మానం నకలు జతచేసి అదే ఆఫీసులో ఇచ్చింది, ఈసారి తీసుకున్నారు. జవాబు ఇంకా రాలేదు.

మన దగ్గర అంతా బాగుందని నేను రాయను. ఇక్కడా ఒక పోస్టు పెట్టినందుకు స్టేషన్ల చుట్టూ తిరుగుతున్నవాళ్ళున్నారు. ఆ ఊరికి ట్యాంకరు కూడా ఇప్పటికీ సరిగా రావడం లేదని విన్నాను. కానీ ఎరుకలమ్మ ఆ సాయంత్రం తన ఇంటికే వెళ్ళి, తన పొయ్యి మీదే వంట చేసుకుంది. ఆమె తిట్టిన మనిషే ఆమె వేలిముద్ర పక్కన సంతకం పెట్టాడు. ఇది ఎంత పెద్ద సంగతో ఇన్నేళ్ళూ నేను లెక్కలోకి తీసుకోలేదు. అక్కడ ఒక మనిషి జైలు గోడల మధ్య కూర్చుని, అందరూ మంచివాళ్ళే అని చెప్పవలసి వస్తోంది. నోరున్న మనం దాన్ని వాడకుండా ఉంచుకుంటే, తీసేసుకోవడం ఎవరికైనా సులువే.

ఈ దారిన వెళ్ళేవారికి ఒక్క సూచన. పల్లెల్లో ఎవరింటికి వెళ్ళినా, వాళ్ళ ఫొటో, పేరు, మాటలు ఎక్కడైనా పెట్టే ముందు, "బయటి దేశంలో మీవాళ్ళెవరైనా ఉన్నారా?" అని అడగండి. ఉన్నారంటే ఫోను లోపల పెట్టి, చెప్పేది చెవులతో వినండి.