నేను నోరు మూయించిన టెర్రియర్

ముప్పై ఒక్క ఏళ్లు సికింద్రాబాద్‌లో చిన్న క్లాసులకు టీచరుగా పనిచేశాను. పాఠం చెప్పడం నాకు ఎంతవరకు వచ్చో ఆ పిల్లలే చెప్పాలి కానీ, క్లాసును నిశ్శబ్దంగా కూర్చోబెట్టడం మాత్రం చాలా బాగా వచ్చు. గుమ్మంలో నిలబడి చూపుడు వేలు పెదవుల మీద పెట్టుకుంటే చాలు, యాభై మంది పిల్లలూ తమ వేళ్లు తమ పెదవుల మీద పెట్టుకునేవారు. ఇన్‌స్పెక్షన్‌కి ఎవరు వచ్చినా హెడ్‌మిస్ట్రెస్ వాళ్లను ముందుగా నా క్లాసుకే తీసుకొచ్చేవారు. ఆ గర్వంతోనే రిటైరయ్యాను. ఆ గర్వమే ఒక కుక్క ప్రాణం మీదికి తెచ్చింది.

కుక్క కావాలన్నది మావారు. ఆఫీసు ఉద్యోగం నుంచి నాకంటే రెండేళ్ల ముందే రిటైరై, మల్కాజ్‌గిరిలో మా ఇంటి వరండాలో కూర్చుని వచ్చే పోయే బళ్లు లెక్కపెట్టుకుంటున్న మనిషి. నేను వద్దన్నాను. ఊడ్చేది నేను, తుడిచేది నేను, ముద్దు చేసేది ఆయనా అన్నాను. చర్చిలో ఎవరో అల్వాల్‌లో ఒక పెద్దాయన ఉన్నాడని, పొట్టి జాతి కుక్కల్ని పెంచుతాడని చెబితే, ఊరికే చూసొద్దామని నన్ను బయల్దేరదీశారు. ఊరికే చూడ్డానికి వెళ్లిన వాళ్లెవరూ ఉత్త చేతుల్తో తిరిగి రారని నాకు తెలియకపోలేదు.

ఆ పెద్దాయన తాత, తండ్రి కంటోన్మెంట్ బంగళాల్లో దొరల కుక్కల్ని చూసుకున్నవాళ్లు. ఈయనా చాలా ఏళ్లు ఒక బంగళాలో అదే పని చేసి, ఇప్పుడు ఇంటి వెనక రేకుల షెడ్డులో టెర్రియర్లనే పొట్టి వేటకుక్కల్ని పెంచుతున్నాడు. తల్లికుక్కను పిలిచి, ముందు కాళ్ల వెనక దాని ఛాతీ చుట్టూ రెండు చేతులూ వేసి చూపించాడు. వేళ్లు కలిశాయి. అలా కలిస్తేనే అసలైన జాతి అట. ఛాతీ అంతకు మించితే నక్క బొరియలో పట్టదు.

తర్వాత ఆ జాతి పుట్టుక చెప్పాడు. సుమారు రెండు వందల ఏళ్ల కిందట ఇంగ్లండులో ఒక పాదిరిగారు ఉండేవారట. ఇంకా చదువుకునే రోజుల్లోనే ఒక పాలవాడి దగ్గర తెల్లటి ఆడకుక్కను చూసి, మనసు పడి అక్కడికక్కడే కొనేశారట. దాని సంతానమే ఇదంతా. ఆయన ఆదివారం ప్రసంగం చేసి, మిగతా రోజులు గుర్రమెక్కి నక్కల వెంట తిరిగేవారు. నక్క బొరియలో దూరితే పెద్ద వేటకుక్కలు బయటే ఆగిపోతాయి. అప్పుడు ఈ పొట్టిది లోపలికి వెళ్తుంది. మట్టిలోంచి బయటికి వచ్చినప్పుడు నక్క అనుకుని ఎవరూ పొరపడకుండా ఒళ్లు తెల్లగా ఉండాలి. లోపల నక్కను చంపకూడదు. దాని ఎదురుగా నిలబడి, పైనున్న మనుషులు నేలకు చెవి ఆనించి విని తవ్వేదాకా మొరుగుతూనే ఉండాలి.

"దీని పానమంత నోట్లెనే ఉన్నది టీచరమ్మా," అన్నాడు పెద్దాయన. "లోపలికి పోయినంక మనకు కనవడది. అరుపు ఇనే తవ్వాలె."

ఇంత వివరంగా చెప్పినా, నా చెవికి పాదిరిగారు అన్న ఒక్క మాటే ఎక్కింది. పాదిరిగారి కుక్కంటే క్రమశిక్షణ గల కుక్క అయ్యుంటుందనుకున్నాను. ఇంటికొచ్చే దారిలో ఆటోలో, మేం కొన్న మగకూన నా చీర కొంగును రెండు చోట్ల కొరికి ఆ భ్రమ కొంత పోగొట్టింది.

వాడికి పేరు పెట్టాం కానీ, ఇంట్లో ఎప్పుడూ మావాడు అనే అనుకున్నాం. తెల్లటి ఒళ్లు, ఒక చెవి దగ్గర మాత్రం గోధుమరంగు మచ్చ. కరివేపాకు మొక్క మొదలు తవ్వాడు. చామంతి కుండీలు తవ్వాడు. తవ్వడానికి మట్టి దొరక్కపోతే నా మంచం మీది దుప్పటి తవ్వాడు. పిడికెడు పిల్లగా ఉన్నప్పుడే వీధిలో తనకు నాలుగింతలున్న కుక్క మీదికి ఉరికితే, ఆ కుక్కే సిగ్గుపడి పక్కకు తప్పుకుంది. దెబ్బ తగిలినా ఏడవడు, తిట్టినా అలగడు. ఒక పని పట్టుకుంటే వదలడు. ఈ గుణాలన్నీ మనిషిలో ఉంటే మెచ్చుకుంటాం, కుక్కలో ఉంటే మొండితనం అంటాం.

అన్నింటికంటే మించింది వాడి గొంతు. కుక్కర్ విజిల్ వేస్తే మొరిగేవాడు. లోకల్ ట్రైన్ హారన్ వినిపిస్తే మొరిగేవాడు. గోడ మీద పిల్లి ఉంటే మొరిగేవాడు, పిల్లి పోయాక అది ఉన్న చోటును చూసి మొరిగేవాడు. సాయంత్రం పూట వరండాలో పది మంది పిల్లలకు ట్యూషన్ చెప్పేదాన్ని. నేను ఎక్కం మొదలుపెడితే వాడు అందుకునేవాడు. పిల్లలు పడీ పడీ నవ్వేవారు. ముప్పై ఒక్క ఏళ్లలో నా క్లాసులో ఎవరూ అంత నవ్వలేదు, నాకు అది సహించలేదు.

మొక్కై వంగనిది మానై వంగునా అని పంతం పట్టాను. మొరిగినప్పుడల్లా వాడి ఎదుట నిలబడి పెదవుల మీద వేలు పెట్టేదాన్ని. ఆగితే బిస్కెట్ ముక్క. ఆగకపోతే చెక్క స్కేలుతో నేల మీద గట్టిగా ఒకటి. అప్పటికీ ఆగకపోతే బాత్రూంలో పెట్టి తలుపు వేసేదాన్ని. వాణ్ని ఒక్కసారి కూడా కొట్టలేదు. ఆ మాట అందరికీ గొప్పగా చెప్పుకున్నాను కూడా.

నాలుగు నెలలు పట్టింది. తర్వాత బిస్కెట్ అక్కర్లేకపోయింది, స్కేలు అక్కర్లేకపోయింది, చివరికి వేలు కూడా అక్కర్లేకపోయింది. నా చెప్పుల చప్పుడో గొంతో వినపడితే చాలు, నోట్లో ఉన్న అరుపును అలాగే మింగేసేవాడు. మా ఇంట్లో ప్రార్థన కూడిక జరిగితే గంటన్నరసేపు నా కుర్చీ కింద కిమ్మనకుండా పడుకున్నాడు. సంఘంలోని ఆడవాళ్లంతా ఆశ్చర్యపోయారు. పాదిరిగారి కుక్క కదా మరి అన్నాను. మావారు మాత్రం నవ్వలేదు. మొరగని కుక్క ఇంట్లో ఎందుకు, సోఫా మీద బొమ్మ పెట్టుకుంటే సరిపోయేది కదా అన్నారు. చాదస్తం అని కొట్టిపారేశాను.

వాడికి రెండేళ్లు నిండిన వానాకాలంలో, రాత్రంతా వాన కురిసిన ఒక ఉదయం వాడు కనిపించలేదు. పాలు తేవడానికి వెళ్లిన మావారు గేటు తీసి ఉంచారని ఆయన మీద విరుచుకుపడ్డాను. వేసిన గుర్తే అన్నారు ఆయన. వీధులన్నీ తిరిగాం. రైలు పట్టాల వెంట, చూడ్డానికి భయపడుతూ చూస్తూ నడిచాం. రెండో రోజు బన్సీలాల్‌పేట్ మెట్లబావి దగ్గర తెల్ల కుక్కపిల్ల తిరుగుతోందని తెలిసినవాళ్లు ఫోన్ చేస్తే ఆటోలో పరుగెత్తాం. అది వేరే కుక్క. మావారు దానికే ఒక బన్ను కొనిపెట్టి వచ్చారు.

ఇంటికి వచ్చిన ప్రతిసారీ పెరట్లో కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుంటూ వాడి పేరు పెట్టి గట్టిగా పిలిచేదాన్ని. ఎక్కడున్నా నా గొంతు గుర్తుపడతాడని నా నమ్మకం. గుర్తుపట్టాడు కూడా.

మూడో రోజు పొద్దున అల్వాల్ పెద్దాయనకు ఫోన్ చేశాం. బస్సెక్కి వచ్చాడు. మేం తిరిగిన వీధుల సంగతి చెబుతుంటే వినకుండా, ఇంట్లో పందికొక్కులున్నాయా అని అడిగాడు. ఉన్నాయి. సరాసరి పెరట్లోకి వెళ్లాడు. బాత్రూం గోడకూ ప్రహరీ గోడకూ మధ్య, ఇల్లు కట్టినప్పుడు మిగిలిన షాబాద్ బండలు ఆనించి ఉన్నాయి. వాటి వెనక పందికొక్కు బొరియ, దాని మూతి మీద వానకు జారిపడిన మట్టి. కుళాయికి రెండడుగుల దూరం. ఆయన మోకాళ్ల మీద కూర్చుని, చెంప బురదకు ఆనించి చాలాసేపు విన్నాడు.

గీకుతున్న చప్పుడు వస్తోందన్నాడు. బతికే ఉందట. కానీ నేల కుంగిన తీరును బట్టి చూస్తే బొరియ లోపల రెండు పాయలుగా చీలింది, ఒకటి గోడ పునాది వైపు, ఇంకొకటి బండల కిందికి. అది లేని వైపు తవ్వితే దొరకదు, ఉన్న వైపు తెలియక కాలు వేస్తే మట్టి కూలి దాని మీదే పడుతుంది. గొంతు వింటే ఎటున్నదీ తెలుస్తుంది, పిలవమ్మా అన్నాడు.

పిలిచాను. గీకుడు సైతం ఆగిపోయింది.

మళ్లీ పిలిచాను. బురదలో చీరతోనే పడుకుని, ఆ మట్టికి నోరు ఆనించి, మొరుగు నాన్నా, ఒక్కసారి మొరుగు అని బతిమాలాను. కింద ఏ శబ్దమూ లేదు. పెద్దాయన నా ముఖంలోకి చూసి, దీనికి నోరు పోయిందా ఏంది అని అడిగాడు. అప్పుడు చెప్పాను. వేలు సంగతి, స్కేలు సంగతి, బాత్రూం సంగతి, ప్రార్థన కూడిక సంగతి. అరవై ఏళ్ల మనిషిని, తప్పు చేసిన పిల్ల టీచరు ముందు నిలబడి చెప్పినట్టు చెప్పాను. ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

"మీరు జెర అవుతలికి పోండి టీచరమ్మా," అన్నాడు మెల్లగా. "మీరుంటే అది నోరు తెరువది."

గేటు దాటి వీధిలోకి వెళ్లి నిలబడ్డాను. నా చీర నిండా బురద, దారిన పోయేవాళ్లు చూస్తున్నారు. ఎందుకో ఆ క్షణంలో రెండో తరగతి పిల్ల ఒకతి గుర్తొచ్చింది. నా పీరియడ్‌లో పెదవుల మీద వేలు అలాగే ఉంచుకుని, బాత్రూంకి వెళ్లాలని అడగలేక, కూర్చున్న బెంచీ మీదే గౌను తడుపుకుంది. అప్పుడు కూడా వేలు తీయలేదు. స్టాఫ్‌రూంలో ఆ సంగతి చెప్పి నవ్వాను కూడా. ఆ పిల్ల ఇప్పుడు ఎక్కడుందో నాకు తెలియదు.

అప్పుడు వినిపించింది. పెరటి వైపు నుంచి, చాలా లోతు నుంచి, బొంగురుగా ఒక్క అరుపు. తర్వాత ఇంకొకటి. తర్వాత ఆగకుండా. మావారి గడ్డపార చప్పుడు మొదలైంది. లోపలికి పరుగెత్తాలని కాళ్లు లాగుతున్నా, గేటు ఊచలు పట్టుకుని అక్కడే ఉండిపోయాను. నేను అడుగు పెడితే ఆగిపోతాడు. గంటకు పైగా అలా నిలబడ్డాను.

తీశారు. పునాది వైపు ఉన్నాడు. పందికొక్కు కొరికి ముక్కంతా గాట్లు, ఒక కన్ను పోయింది. నన్ను చూడగానే తోక ఊపాడు. నోరు మూసుకున్నాడు.

అది జరిగి ఆరేళ్లు. పెద్దాయన పోయాడు. మావాడికీ వయసు మీద పడుతోంది, ఉన్న కన్ను కూడా మసకబారింది. ఈ ఆరేళ్లలో నేను చేయని ప్రయత్నం లేదు. మొరిగితే బిస్కెట్ ఇస్తానని నేనే వాడి ముందు కూర్చుని మొరిగి చూపించాను. ట్యూషన్ పిల్లలు నవ్వారు, నేనూ నవ్వనిచ్చాను. వాడు బిస్కెట్ తిని నా చేతి వంకే చూస్తాడు, వేలు ఎప్పుడు లేస్తుందా అని. రెండు వందల ఏళ్లుగా తల్లి నుంచి పిల్లకు వస్తున్న దాన్ని నాలుగు నెలల్లో వంచేశాను. వంచడం వచ్చినంత తేలిగ్గా నిలబెట్టడం రాలేదు. గేటు వేసిన గుర్తే అన్న మనిషికి మాత్రం క్షమాపణ చెప్పాను. ఆయన అప్పటికే మర్చిపోయారట.

నేను లేనప్పుడు మొరుగుతాడని మావారు చెబుతారు. కుక్కర్‌కి, రైలుకి, పిల్లికి, అన్నింటికీ. అందుకని బజారు నుంచి వస్తే వీధి మొదట్లోనే చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, గోడ పక్కగా నడిచి వచ్చి గేటు బయట నిలబడతాను. నిన్న అలాగే నిలబడ్డాను. లోపల కుక్కర్ విజిల్ వేసింది. వాడు అందుకున్నాడు. గొంతు బొంగురుపోయింది కానీ, బలం తగ్గలేదు.

ఎదురింటావిడ బట్టలు ఆరేస్తూ చూసి, ఎండలో అలా నిలబడ్డారేంటి, తాళంచెవి మర్చిపోయారా అని అడిగింది. జవాబు చెబితే నా గొంతు లోపలికి వినిపిస్తుంది. అవునని తల ఊపి, పెదవుల మీద వేలు పెట్టుకున్నాను.