అమ్మ ముట్టని కత్తిపీట

మా ఇంట్లో గుమ్మడికాయ వండిన రోజు లేదు. అమ్మ కత్తిపీట ముట్టేది కాదు. బీరకాయలైనా బెండకాయలైనా చేత్తో విరిచే కూర చేసేది. కారణం నా గొంతు మీది గడ్డ.

నేను గుటక వేస్తే అదీ పైకి కదిలేది. "కడుపుతో ఉండి గ్రహణం పూట కత్తిపీట అట్టుకున్నాది. ఆ పాపమే పిల్ల పీకకి సుట్టుకున్నాది," అని నాయనమ్మ మేముండే న్యూ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్ల వరసంతా చాటింది. అమ్మ ఒక్కసారీ ఎదురు చెప్పలేదు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు ఆస్పత్రికి తీసుకెళ్లారు. బెంగాలీ డాక్టరు "జీభ్ నికాలో" అని నాలుక చాపించి, గడ్డ లేవడం చూసి, తల వంచుకుని కాగితం రాస్తున్నాడు. అమ్మకి తెలుగు తప్ప రాదు. "నా వల్లేనేటో అడగండి," అంది నాన్నతో. రైలింజన్ల షెడ్డులో ఫిట్టరు పని చేసే నాన్నకి హిందీ మంచినీళ్లప్రాయం. అడిగాడు. డాక్టరు రాస్తూనే చాలాసేపు చెప్పాడు. నాన్న అమ్మకి చెప్పింది ఒక్క ముక్క.

"పుట్టుకతోనే వచ్చిందంట."

కడుపులో ఉండగానే వచ్చిందంటే తన పాపమేనని అమ్మ తల దించుకుంది.

కోశారు. ఏడాది తిరక్కుండా గడ్డ మళ్లీ లేచింది, ఈసారి చీముతో. మళ్లీ కోశారు, మళ్లీ వచ్చింది. ఆ పాపం పోవాలని అమ్మ రాత్రి భోజనం మానేసింది. నా పదిహేనో ఏట కామెర్లతో పోయింది. పోయేముందు నా గొంతు తడిమి, "నా వల్లే అమ్మా," అంది.

మరుసటేడు మూడో ఆపరేషను. అదే డాక్టరు. అప్పటికి నాకు హిందీ వచ్చు. గడ్డ వెనక సన్నటి గొట్టం నాలుక మొదలుదాకా ఉందనీ, చిన్నపిల్లనని ఇన్నాళ్లూ అక్కడి ఎముక జోలికి పోలేదనీ, ఈసారి దాని మధ్య ముక్క కూడా తీసేస్తాననీ చెప్పాడు. "మీ అమ్మ అడిగింది కదా, ఆవిడ చేసిన పనికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. మొదటి రోజే మీ నాన్నకి చెప్పాను," అన్నాడు.

బయటికొచ్చాక నాన్నని నిలదీశాను. "అమ్మకెందుకు సెప్పలేదు?"

"ఆ గ్రహణం పూట కేరియర్లోకి కూర కావాలని కొయ్యమన్నది నానే. కత్తిపీట మాటెత్తితే నా సంగతి బయటపడతాదని... మాయమ్మ ఏటంతాదోనని..."

కొయ్యమన్నదెవరో అమ్మకి తెలుసు. అన్నేళ్లలో ఒక్కసారీ నోరు జారలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

గడ్డ మళ్లీ రాలేదు. కుట్లు విప్పించుకుని వచ్చిన రోజు మంచం కిందనుంచి తుప్పుపట్టిన కత్తిపీట లాగి, కడిగి, గుమ్మడికాయ కోశాను. నాన్నకి మాత్రం ఆ తర్వాత నేనెప్పుడూ కేరియర్ కట్టలేదు.