పొడుగు కుంపటి

కముకుంజి రేకుపనివాళ్ల బజారులో పొద్దున్నుంచి సాయంత్రం దాకా సుత్తుల మోతే. ఆ మోతలో నా పక్క కొట్టు కియోకోది. పాత నూనె డ్రమ్ములు కోసి బొగ్గు కుంపట్లు చేసేవాడు. పొట్టిగా, వెడల్పుగా, బరువుగా ఉండేవి. కింది అంచుని కాలితో తొక్కిపట్టి, ఉగాలి, అదే మొక్కజొన్న సంకటి, ఎంత గట్టిగా కెలికినా కదిలేవి కావు. ఆ సంగతి వాడికి తెలుసు, నాకు తెలుసు, కొనేవాళ్లకే అక్కర్లేదు.

వచ్చిన ప్రతి ఆవిడా కుంపటి ఎత్తి చూసి, వేలితో కొట్టి చూసి, కింద పెట్టేసేది. "వంగి వంగి నడుం పడిపోతోంది తమ్ముడూ, ఇంకాస్త ఎత్తుగా చెయ్యకూడదూ?" అని ఒకరు. "దీన్ని ఇంటికి మోయాలంటే ఇంకో మనిషిని పెట్టుకోవాలి" అని ఇంకొకరు. ధర వినగానే అందరూ నా కొట్టువైపు నడిచేవాళ్లు. నావి పల్చటి కొత్త రేకువి, పొడుగువి, పైన ఎర్ర రంగు.

"నువ్వు కుంపటి చేస్తున్నావా, కోట కడుతున్నావా?" అని ఏడిపించేవాణ్ణి. మూడు నెలలు పంతం పట్టాడు. కొట్టు ముందు సరుకు పేరుకుపోయాక వాడూ పొడుగువి మొదలుపెట్టాడు. రేకు కలిసిరావాలని కింది చుట్టు రెండంగుళాలు తగ్గించాడు. వారం తిరగకుండా అన్నీ అమ్ముడుపోయాయి. అయినా మొహంలో కళ లేదు. బేరం లేనప్పుడు కుంపటి మీద గిన్నె పెట్టి, తెడ్డు తిప్పుతూ కూర్చునేవాడు.

"ఊగుతోంది," అన్నాడు ఒకరోజు.

"ఊగనీ. అడిగినవాళ్లకి అడిగిందే ఇచ్చావు," అన్నాను. నాకు ఒళ్లు మండింది. వాడు అలా తెడ్డు తిప్పుతుంటే నా కుంపట్లను కూడా తప్పుపడుతున్నట్టే ఉండేది.

రెండు నెలలకు నసంబు కుంటుకుంటూ వచ్చింది. ఇళ్లు కట్టేచోట మేస్త్రీలకు ఉగాలి వండి అమ్ముకునే మనిషి. పాదం నిండా కట్టు. కియోకో దగ్గర కొన్న పొడుగు కుంపటి, కెలుకుతుండగా ఒరిగి, ఉడుకుతున్న పిండి కాలిమీద పడిందట. కియోకో లేచి నిలబడ్డాడు. తిట్లు తింటాడనుకున్నాను. ఆవిడ తిట్టడానికి రాలేదు.

"పడి సొట్టపోయింది, లోపల పూసిన మట్టి చిట్లింది. అలాంటిదే ఇంకోటియ్యి తమ్ముడూ."

"అది వద్దక్కా. పాత రకం తీసుకో, డబ్బులొద్దు."

"ఆ పొట్టిదాని ముందు ముప్పై మందికి వంగి వండితే మర్నాడు లేవలేను. నా నడుం సంగతి నాకు తెలీదూ?"

"అయితే వారం ఆగు. ఎత్తుగానే, కింద వెడల్పుగా చేసిస్తా. పొడుగుదాని ధరకే."

"నేనాగుతా. మేస్త్రీల ఆకలి ఆగుతుందా? ఇంకొకత్తె దగ్గర తిని అక్కడే అలవాటు పడతారు. రేపటికి కావాలి నాకు."

"నా చేత్తో మటుకు అది ఇవ్వలేనక్కా."

వాడి వెనకే అలాంటివి ఆరు పేర్చి ఉన్నాయి. ఆవిడ వాటిని చూసింది, వాణ్ణి చూసింది, నా కొట్టుకొచ్చింది.

నా కుంపట్లు వాడి వాటికన్నా పల్చన. అడుగు ఇంకా సన్నం. సిగ్గేసింది. కట్టు కట్టిన ఆ పాదం నా గుమ్మంలోనే ఉంది. దానివైపు చూడకుండా డబ్బు తీసుకున్నాను. కుంపటి నెత్తికెత్తుకోబోతూ ఆగింది.

"ఇది పడదు కదా అన్నా?"

పక్క కొట్లో సుత్తి ఆగింది. వాడు వింటున్నాడని నాకు తెలుసు.

"పడదమ్మా," అన్నాను.